ఏ బ్యాంకూ తీసుకోని చెక్కు

నేను ఒక చెక్కును. ఆషామాషీ చెక్కును కాదు, నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. అయినా మా ఇంట్లో పేరంతా మా అన్నయ్యదే. అన్నయ్యంటే అసలు చెక్కు. జానెడుంటాడు, ఫ్యాను గాలికి ఎగిరిపోతాడు. వాడు బ్యాంకులో అడుగు పెడితే లోపలివాళ్ళు కళ్ళజోళ్ళు సవరించుకుని మరీ చూస్తారు. నేను వెళ్తే వాచ్‌మన్ గుమ్మం దగ్గరే ఆపేస్తాడు. ఫోటోల్లో గంటల తరబడి నిలబడేది నేను, పని జరిగేది వాడితో. ఇంత ఎదిగిన తమ్ముడికి ఇంతకన్నా అవమానం ఏముంటుంది?

చీరాలలో ఒక ఫ్లెక్సీల షాపులో పుట్టాను. ఒక పక్క పెళ్ళి బ్యానరు, ఇంకో పక్క కన్నీటి వీడ్కోలు బ్యానరు ఆరుతుండగా నన్ను దళసరి అట్టకు అంటించి, పైన ప్లాస్టిక్ పొర వేశారు. ఎవరికి, ఎందుకు, ఎంత అన్న చోట్లు మూడూ ఖాళీ. మార్కరుతో రాయడం, ఫోటో అయ్యాక తడిగుడ్డతో తుడిచేయడం. నన్ను చేయించుకున్నది సాగరతీర సేవా క్లబ్బు. ఆ ఏటి ప్రెసిడెంటు అత్తులూరి మల్లికార్జునరావు గారు, ఎరువుల వ్యాపారి. నా మకాం ఆయనింట్లో బీరువా వెనక. ఆయన భార్య హైమావతి గారు నన్ను చూసిన తొలిరోజే కళ్ళతో నా కొలతలు తీసుకున్నారు. మర్నాడు నేను డాబా మీద ఉన్నాను, నా మీద గుమ్మడి వడియాలు ఉన్నాయి. ఆ వేసవిలో ఆ ఇంటికొచ్చిన చుట్టాలు తుడవడం మరిచిపోయిన 'అక్షరాలా లక్ష రూపాయల' మీద ఎండిన వడియాలు తిన్నారు.

బీరువా వెనక నుంచి చాలా విన్నాను. క్లబ్బు సభ్యులు పుట్టినరోజుకీ పెళ్ళిరోజుకీ, ఇలాంటి క్లబ్బులన్నిటికీ ఉమ్మడిగా ఉన్న ఫౌండేషన్‌కి ఇంతని ఇస్తారు. మీటింగులో సెల్‌ఫోన్ మోగితే జరిమానా. పేపర్లో ఫోటో పడినా జరిమానాయే, దాన్ని మాత్రం అడక్కుండానే కడతారు. అలా ఊరూరి క్లబ్బుల నుంచి చేరినది మూడేళ్ళు ఫౌండేషన్‌లో ఊరి, సగం మళ్ళీ జిల్లాకి గ్రాంటుగా తిరిగొస్తుంది. ఆవకాయ జాడీలాంటి వ్యవహారం. పెట్టేవాళ్ళొకరు, మూత తీసేవాళ్ళొకరు. ఆ ఏడు మూత తీసే అదృష్టం మల్లికార్జునరావు గారిది. ఆ సంగతి తెలిసిన రోజు ఆయనకన్నా నేనే ఎక్కువ ఎగిరాను. మళ్ళీ ఫోటో! మళ్ళీ చప్పట్లు!

చేనేత కాలనీలో ఉన్న పన్నెండిళ్ళకీ పన్నెండు కుట్టుమిషన్లు ఇద్దామని ఆయన క్షణంలో తేల్చేశారు. ఏ క్లబ్బయినా ఇచ్చేది కుట్టుమిషన్లే, పక్కన మనుషులు నిలబడితే ఫోటో నిండుగా ఉంటుంది. హైమావతి గారికి ఆ కాలనీ తెలుసు. ఆవిడ చీరలు కొనేది అక్కడి నాంచారమ్మ దగ్గరే.

"ఏవండీ, ఇచ్చేముందు వాళ్ళనోసారి అడక్కూడదూ?" అన్నారు.

"ప్రసాదం పెట్టేటప్పుడు పులిహోరా, చక్రపొంగలా అని అడుగుతారుటే?"

మర్నాడు పొద్దున్న, ఇడ్లీ లేనిదే గడవని ఆయన ముందు చద్దన్నం, మజ్జిగ ప్రత్యక్షమయ్యాయి. ఇదేమిటంటే, ప్రసాదం అడిగి పెట్టరు కదా అన్నారావిడ. ఆయన చివరి మెతుకు దాకా తిన్నారు గాని మిషన్ల మాట మార్చలేదు. ఫౌండేషన్ ఫారంలో ఒక ప్రశ్న ఉంది: సాయం అందుకునేవాళ్ళను అడిగి తెలుసుకున్నారా? దాని ఎదురుగా 'అవును' అని రాసి, కింద సంతకం పెట్టి పంపేశారు.

ఆశ్వయుజమాసం ముసురులో, ఫౌండేషన్ తరఫున వసుంధరాదేవి గారని ఒక రిటైర్డు లెక్చరరు కాలనీ చూడటానికి వచ్చారు. ఆవిడ సరేనంటేనే గ్రాంటు. ఆవిడతో ఒక ఫోటో ఉంటే రేపు రిపోర్టులో బాగుంటుందని ప్రెసిడెంటు గారు నన్నూ ఆటోలో ఎక్కించారు. 'చేనేత కాలనీకి, కుట్టుమిషన్ల నిమిత్తం' అని నా మీద నీలం మార్కరుతో ముత్యాల్లాంటి అక్షరాలు! హైమావతి గారు గొడుగుతో వెనకే వచ్చారు.

నాంచారమ్మ వాకిట్లో పన్నెండిళ్ళవాళ్ళూ మూగారు. ఇంట్లో ముందుగదంతా గుంట మగ్గమే. అంచున కూర్చుని, కాళ్ళు గుంటలోకి దించి నేయాలి. ఆ గుంటలో మోకాలి లోతు ఊటనీళ్ళు. ఆమె చెంబుతో తోడుతోంది, నీరు మళ్ళీ ఊరుతోంది. మగ్గం మీద సగం నేసిన పెళ్ళిచీర. ఆ పైన పెంకుల సందులోంచి చుక్క దిగుతోంది. సాగదీసి కట్టిన నూలు తడిస్తే పెట్టిన గంజి పోతుంది, పోగులు పటపటా తెగుతాయి, నెల కష్టం నీళ్ళపాలు.

ఆమె చెంబు పడేసి, ప్రెసిడెంటు గారి చేతుల్లోంచి నన్ను లాక్కుని నూలు మీద అడ్డంగా పెట్టింది.

టప్. మొదటి చుక్క నా మీద పడింది. కింద నూలు పొడిగా ఉంది! పుట్టాక నేను పనికొచ్చిన మొదటి క్షణం అది. అన్నయ్య చూస్తే ఎంత బాగుండును! చుక్కలు పడేకొద్దీ కుట్టుమిషన్లు నీలంగా కరిగి అంచుల వెంట కారిపోయాయి.

"మిసన్లిస్తే వద్దంటానా అయ్యా," అంది నాంచారమ్మ. "ఈ నీళ్ళలో యాడ పెట్టుకోమంటారు? ముసురొస్తే మూడు నెల్లు మా కాళ్ళు నానతానే ఉంటయి. ఈ మగ్గాన్ని ఓ మూరెడు పైకి లేపండి, మిసను నేనే కొనుక్కుంటా. ఓపాలి కూసుని చూడండయ్యా."

కాదనలేక ఆయన ఇస్త్రీ ప్యాంటుతోనే అంచున కూర్చుని కాళ్ళు దించారు. కప్ప ఒకటి ఆయన మోకాలెక్కి వసుంధరాదేవి గారి వంక చూసింది. ఆవిడ సంచిలోంచి ఫారం తీశారు.

"ఇక్కడ అవునని రాశారు. ఎవరిని అడిగారండీ?"

అడిగానని ఆయన అనేస్తే చాలు, ఇచ్చేవాడి ముందు కాదనేవాళ్ళు కాలనీలో లేరు. మిషన్లు వస్తాయి, మగ్గాలు నీళ్ళలోనే ఉంటాయి. అడగలేదంటే ఆ ఫారం చెల్లదు. గడువు ఇంకా ఆరు రోజులే, కొత్తది కుదరకపోతే ఆ ఏటి గ్రాంటు పోయినట్టే, క్లబ్బులో ఆయన పరువూ పోయినట్టే.

ఆయన ఏమన్నారో చెప్పేముందు నా సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే ఆ మాట తర్వాత నేను చెప్పగలిగేది ఏమీ ఉండదు. నేను క్లబ్బుకి తిరిగి వెళ్ళలేదు. నాంచారమ్మ నన్ను వాసాలకి కట్టేసుకుంది. పన్నెండిళ్ళూ తిరిగి, అడిగి, కొత్త ఫారం రాయడానికి ఆరు రోజులూ సరిపోయాయి. మా అన్నయ్య వచ్చి గప్‌చుప్‌గా తన పని తాను చేసుకుపోయాడు. వాడి మీద నాకిప్పుడు కోపం లేదు. గుంటలు పూడ్చి గచ్చు చేశారు, మగ్గాలు ఇనప కాళ్ళ మీద లేచి నిలబడ్డాయి. క్లబ్బువాళ్ళు కొత్త పెద్ద చెక్కు చేయించుకున్నారట. ఇంకో అరడుగు పెంచమని హైమావతి గారు సలహా ఇచ్చారట, అప్పడాలకి. నా మీద ఇప్పుడు ఏ పేరూ లేదు, ఏ అంకే లేదు. వాన పడితే మాత్రం నా అంత హడావుడి ఈ ఇంట్లో ఎవరికీ ఉండదు.

ఆ రోజు మల్లికార్జునరావు గారు మోకాలి మీది కప్పను మెల్లగా దించారు. గుమ్మంలో గొడుగు పట్టుకుని నిలబడ్డ భార్య వంక చూశారు. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆవిడ ఒక్కసారీ వినని మాట, పన్నెండిళ్ళవాళ్ళూ వింటుండగా అన్నారు.

"అడగలేదండీ. అడగమని మా ఆవిడ చెప్పింది. నేనే వినలేదు. తప్పు నాది."