కొక్కేనికి వేలాడే సంచి

మా వీధిలో మా ఆయనకి 'ఈల' అని పేరు. లిఫ్టులు బాగుచేసే మనిషి. ఎవరో ఒకరు రెండు అంతస్తుల మధ్య ఇరుక్కుని గగ్గోలు పెడుతుంటే వెళ్ళి బయటికి లాగడం ఆయన పని. అలాంటి పని చేసేవాడికి ఏ తాడూ తెగదన్న నమ్మకం ఉండదు కాబోలు. నెలకోసారి, సెలవు రోజున, మేం భోంచేసి కాస్త నడుం వాల్చే వేళ చూసుకుని గుమ్మంలో నిలబడి ఈల ఊదేవాడు. వరద వచ్చిందనుకోండి, ఇల్లు అంటుకుందనుకోండి, భూమి కదిలిందనుకోండి. ఈల వినపడగానే ఎవరి పని వాళ్ళు చేసి వీధిలోకి వచ్చెయ్యాలి. దాన్ని డ్రిల్లు అనేవాడు. వీధంతా కిటికీల్లోంచి చూసి నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. కట్టుకున్నదాన్ని కదా, వాళ్ళకంటే ఒక పాలు ఎక్కువే నవ్వేదాన్ని. ఫ్రిజ్ పడిపోకుండా బెల్టు వేసి గోడకి బిగించినప్పుడైతే, దానికేమైనా పారిపోయే ఆలోచన ఉందా అని అడిగాను.

నా వంతు కాగితాలు, తాగే నీళ్ళు. అమ్మాయి వంతు టార్చిలైటు, చక్కెర చూసే మీటరు. మా అత్తగారి వంతు మందుల సంచి.

ఆ సంచి సంగతి కాస్త చెప్పాలి. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. దాని ఒంట్లో ఇన్సులిన్ పుట్టదు. తిండికి ముందొకటి, పడుకునే ముందొకటి ఇంజెక్షన్ పడాల్సిందే. ఒక రోజు తప్పితే చాలు, ప్రాణం మీదికి వస్తుందని డాక్టరమ్మ మొదట్లోనే మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. జబ్బు బయటపడ్డ నాటి నుంచీ మా అత్తగారు పిల్లని చీమ అని పిలవడం మొదలుపెట్టింది. చక్కెర ఉన్నచోటే చీమ ఉంటుందట. ఆ మాటకి నేను చాలా రోజులు ఆవిడతో ముభావంగా ఉన్నాను. పిల్ల మాత్రం పడీ పడీ నవ్వి ఆ పేరే ఖాయం చేసుకుంది.

ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉండాలి. ఈల ఊదినప్పుడల్లా దాన్ని ఎండలోకి తెచ్చి పాడుచెయ్యడం ఎందుకని మా ఆయన ఉత్తుత్తి సంచి ఒకటి తయారుచేశాడు. అయిపోయిన సీసాలు రెండు తీసుకుని, కాచి చల్లార్చిన నీళ్ళు సిరంజితో వాటిలోకి ఎక్కించాడు. అసలు మందూ నీళ్ళలా తేటగానే ఉంటుంది, చూస్తే తేడా తెలీదు. అసలు సంచి ఫ్రిజ్ తలుపు అరలో, ఉత్తుత్తిది వంటింటి తలుపు వెనక కొక్కేనికి. వీధిలోకి వచ్చాక చీమ గుమ్మం మెట్ల మీద కూర్చుని ఆ నీళ్ళతోనే వాళ్ళ నాయనమ్మకి పాఠం చెప్పేది. "ముందు గాలి, తర్వాత మందు" అనేది. సిరంజిలో ముందు గాలి నింపి సీసాలోకి తోస్తేనే మందు తేలిగ్గా వస్తుంది. ఆవిడ చత్వారపు కళ్ళద్దాలు ముక్కు కొసకి దించుకుని శ్రద్ధగా నేర్చుకునేది.

రెండు సంచులూ కుట్టింది నేనే. బ్యాగులు కుట్టడమే నా బతుకుతెరువు. నీలం రెక్సిన్ ముక్క మిగిలితే వృథా ఎందుకని రెండూ ఒకే కొలతకి, ఒకే రకం జిప్పుతో కుట్టేశాను. ఎర్ర ముక్క మిషను కిందే ఉంది. వంగి తియ్యడానికి బద్ధకించాను.

వరద వచ్చిన రోజు ఈల ఊదడానికి ఆయన లేడు. ఊరికి అటు చివర ఆసుపత్రిలో లిఫ్టు ఆగిందంటే పొద్దున్నే వెళ్ళాడు. మధ్యాహ్నం ఒక జీపు మైకులో అరుచుకుంటూ పోయింది, ఎగువన గేట్లన్నీ ఎత్తేశారని. జీపు మలుపు తిరిగేలోపే దాని వెనకే కాలవ పొంగి వీధిలోకొచ్చింది. నేను కొయ్యబారిపోయాను. చీమ రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేసింది.

నిజం చెప్పొద్దూ, ఆ ఈలతో మా కాళ్ళకి ప్రాణం వచ్చింది. మెయిన్ ఆఫ్ చేశాను, గ్యాస్ కట్టేశాను, కాగితాలు తీసుకున్నాను. వీధిలో వాళ్ళు ఇంకా చెప్పులు వెతుక్కుంటుండగానే మేం ఎదురుగా ఉన్న స్కూలు మేడ మీదికి ఎక్కేశాం. మా అత్తగారు నీలం సంచిని గుండెలకి హత్తుకుని మా అందరికంటే ముందుంది. మందు తీసుకున్నారా అని మెట్ల మీద అడిగాను. నీ కాగితాలు నువ్వు చూసుకో, నా పని నాకు తెలుసు అంది. ఇంకోసారి అడిగితే పౌరుషం, జిప్పు తీసి చూస్తే అవమానం. ఊరుకున్నాను.

ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది. మాకు కాలేదు. నిజంగా వచ్చిన రోజు ఫ్రిజ్‌లోదే తియ్యాలమ్మా అని మా ఆయన ప్రతిసారీ చెప్పేవాడు. ఆవిడ ప్రతిసారీ తలూపేది. కానీ అన్ని నెలలూ చెయ్యి వెళ్ళింది కొక్కెం దగ్గరికే.

సాయంత్రం రొట్టెలు పంచారు. తినే ముందు ఇంజెక్షన్ ఇచ్చాను. పడుకునే ముందు రెండోది ఇచ్చాను. రాత్రంతా పిల్ల నీళ్ళడుగుతూనే ఉంది, నాయనమ్మని లేపుకుని బాత్రూముకి తిరుగుతూనే ఉంది. తెల్లారి మీటరు పెట్టి చూస్తే అంకె ఎన్నడూ లేనంత ఎక్కువ. మళ్ళీ ఇచ్చాను. కాసేపాగి చూశాను, ఇంకా పెరిగింది. రక్తపు చుక్క వేసి మీటరులో పెట్టే పట్టీ పాడైందేమోనని ఇంకోటి పెట్టాను, ఇంకోటి పెట్టాను. ఒక్కో పట్టీ ఒక్కసారికే పనికొస్తుందని తెలిసీ డబ్బా చాలావరకు ఖాళీ చేశాను.

పక్క గదిలో ఎవరో పిల్లలకి క్రీము బిస్కెట్లు పంచారు. నా బుద్ధి తిన్నగా అక్కడికి పోయింది. తిన్నావా అని అడిగాను. లేదంది. దొంగతిండి తిని అబద్ధం కూడానా అన్నాను. రాత్రంతా నా పక్కనే ఉంది, దాన్నేం అనకు అని అత్తగారు అడ్డొచ్చింది. మీరే పెట్టి ఉంటారు, ఏడిస్తే చూడలేక అన్నాను, గదినిండా జనం వింటుండగా. ఆవిడ ముఖం పాలిపోయింది. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటారే, ఆ పనే చేశాను. పిల్ల చెంప మీద కొట్టాను.

అది ఏడవలేదు. గోడకి చేరగిలబడి కూర్చుంది. కాసేపటికి వాంతి చేసుకుంది. మీటరులో ఇక అంకె లేదు. 'హై' అని మాత్రం వచ్చింది. లెక్కకి అందనంత ఉంటే అలా వస్తుంది. మళ్ళీ సిరంజి నింపాను. పొట్ట మీద చర్మం పట్టుకున్నాను. పిల్ల నా చేతి వైపు చూస్తూ నెమ్మదిగా అంది.

"అమ్మా, ఈ మందుకి వాసన లేదేం?"

ఇన్సులిన్‌కి ఒక వాసన ఉంటుంది. దెబ్బకి వేసిన ప్లాస్టర్ విప్పితే వచ్చేలాంటి వాసన. నిన్నటి నుంచీ బురద కంపులో నా ముక్కు చచ్చిపోయింది. చుక్క మణికట్టు మీద వేసుకుని చూశాను. ఏమీ లేదు. నాలుక మీద వేసుకున్నాను. నీళ్ళు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. తల ఎత్తేసరికి మా అత్తగారు నా వైపే చూస్తోంది. చెప్పాల్సిన పని లేకపోయింది. ఆవిడ తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, ఆ చెయ్యి ఎవరిదో అన్నట్టు చూసుకుంది. తర్వాత గోడ వైపు తిరిగి కూర్చుంది. తిట్టడానికి నా నోట్లో మాటలు బారులు తీరాయి. ఎర్ర రెక్సిన్ ముక్క గుర్తొచ్చి అన్నీ గొంతులోనే ఆగిపోయాయి.

కాలు కాలిన పిల్లిలా గది గదీ తిరిగాను. ఎవరి దగ్గరైనా ఇన్సులిన్ ఉందా అని అడిగాను. ఒక ముసలాయన తను షుగరుకి వేసుకునే బిళ్ళలు నా దోసిట్లో పోశాడు. ఒంట్లో ఇన్సులినే పుట్టని పిల్లకి అవి పనికిరావు. దణ్ణం పెట్టి తిరిగిచ్చాను. ఫోన్లు ఎప్పుడో మూగబోయాయి. దూరంగా పోతున్న పడవని కేకేస్తే, ముందు కప్పుల మీద ఉన్నవాళ్ళని దింపాలి, తర్వాత మీ దగ్గరికే వస్తామని అరిచి వెళ్ళిపోయారు. తర్వాత అంటే ఎప్పుడో వాళ్ళకీ తెలీదు. పిల్ల ఊపిరి రొప్పుతున్నట్టు వస్తోంది. నోటి దగ్గర ముగ్గిన పండు వాసన. అది ప్రాణం మీదికి వచ్చిందనడానికి గుర్తని డాక్టరమ్మ చెప్పింది.

మా ఇల్లు కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. కిటికీల సగం దాకా నీళ్ళు. నేను వెళ్ళి తెస్తానంటే స్కూలు వాచ్‌మన్ వద్దన్నాడు. వద్దంటూనే జెండా కర్రకున్న తాడు విప్పి నా నడుముకి కట్టాడు, ఎక్కడి నుంచో లారీ ట్యూబు తెచ్చాడు. నాకు ఈత రాదు. ఆ సంగతి అతనికి చెప్పలేదు.

ట్యూబుని కరుచుకుని వీధి దాటాను. తాడు మా గేటు దాకానే వచ్చింది. విప్పేశాను. తలుపు నీళ్ళ బరువుకి కదల్లేదు. ఊచల్లేని కిటికీ అద్దం మోచేత్తో, తర్వాత అరచేత్తో పగలగొట్టి లోపలికి జారాను. లోపల గొంతు దాకా నీళ్ళు. నా కుట్టుమిషను ఎక్కడో కాలికి తగిలింది. మంచాలు, కుర్చీలు, బియ్యం డబ్బా అన్నీ తేలుతూ దారికి అడ్డం పడుతున్నాయి. ఇంట్లో ఉన్నచోట ఉన్నది ఒక్కటే, గోడకి బెల్టుతో బిగించిన ఫ్రిజ్. నేను నవ్విన ఫ్రిజ్.

ఊపిరి బిగబట్టి మునిగి తలుపు లాగాను. రాలేదు. కాలు గోడకి తన్నిపెట్టి మళ్ళీ లాగాను. ఒక్కసారిగా తెరుచుకుని లోపలివన్నీ నా ముఖం మీదుగా పైకి లేచాయి. టమాటాలు, గుడ్లు, పెరుగు గిన్నె మూత. అరలో చెయ్యి పెడితే ఖాళీ. పైకి లేచి, చీకటి వంటింట్లో నీళ్ళ మీద రెండు చేతులతో గుడ్డిదానిలా వెతికాను. దేనికో తెలీదు గానీ, పిల్లని కొట్టాను, పిల్లని కొట్టాను అని పైకే అంటున్నాను. చివరికి నా మెడ వెనక ఏదో మెత్తగా తగిలింది. నీలం రెక్సిన్. సంచిని పళ్ళతో కరుచుకుని బయటికొచ్చాను.

ఎలా తిరిగొచ్చానో వాచ్‌మన్‌నే అడగాలి. మేడ మీద చీమ నాయనమ్మ ఒళ్ళో కళ్ళు మూసుకుని ఉంది. పిలిస్తే రెప్పలు కదిలాయి, అంతే. సీసా తీశాను. అరచెయ్యి తెగి రక్తం కారుతోంది, చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి. సూది సీసా మూతకి తగలడం లేదు. ఇంకోసారి. ఇంకోసారి. సీసా జారబోతే మోకాళ్ళ మధ్య ఆపాను. ఉన్నవే రెండు సీసాలు, ఒక్కటి కూడా పగలకూడదు.

ఆ గదిలో ఈ పని తెలిసిన మనిషి ఇంకొక్కరే.

"అత్తయ్యా, మీరు లాగండి."

"నా చేత్తో వద్దమ్మాయ్. ఈ చెయ్యి మంచిది కాదు."

ఆవిడ కళ్ళల్లోకి చూడ్డానికి నాకు ముఖం లేదు. సీసా తీసుకెళ్ళి ఆవిడ చేతిలోనే పెట్టాను.

"డ్రిల్లనుకోండి."

ఆవిడ కళ్ళద్దాలు ముక్కు కొసకి దించుకుంది. సిరంజి విప్పింది. సూది సీసా మీద పెట్టి ఆగిపోయింది. ఏది ముందో మరిచిపోయింది. నేను చెప్పేలోపే ఒళ్ళోంచి గొంతు వినీ వినపడకుండా వచ్చింది.

"ముందు గాలి, నాయనమ్మా."

గాలి, తర్వాత మందు. ఎంత లాగాలో నేను చెప్పాను, ఆవిడ గీత మీద ఆపింది. సూది కొసన నిలిచిన చుక్కని ముందు తన ముక్కు దగ్గర పెట్టుకుంది, తర్వాత నా ముక్కు దగ్గర పెట్టింది. ప్లాస్టర్ వాసన. అంత మంచి వాసన నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఆవిడ సూది గుచ్చింది. చెయ్యి వణకలేదు.

డబ్బాలో పట్టీలు రెండే మిగిలాయి. పొద్దున వృథా చేసినవన్నీ తలుచుకుని కుమిలిపోయాను. ఓపిక పట్టి, పట్టలేక, ఒకటి పెట్టాను. 'హై'. ఇద్దరం పిల్లకి గుక్కెడు గుక్కెడు నీళ్ళు పట్టిస్తూ, దాని ఊపిరి లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాం. చెంప మీద నా వేళ్ళ గుర్తులు ఇంకా ఉన్నాయో లేవో చూసే ధైర్యం చెయ్యలేదు. వాచ్‌మన్ డాబా మీద దుప్పటి ఊపుతూనే ఉన్నాడు. చాలాసేపటికి అత్తగారే చివరి పట్టీ తీసి మీటరులో పెట్టింది. నేను కళ్ళు మూసుకున్నాను.

"అంకె వచ్చిందమ్మాయ్."

భయంకరమైన అంకె. ఇంకో రోజైతే దాన్ని చూసి గుండె ఆగేది. ఇప్పుడు ఆ అంకెని చూసి ఇద్దరం ఒకరి భుజం ఒకరు పట్టుకుని ఏడ్చాం.

కింద మెట్ల దగ్గర పడవ మోటారు చప్పుడైంది. ఆసుపత్రికి వెళ్ళాల్సినవాళ్ళు ముందు రమ్మని కేకేశారు. ఇప్పటికి పడింది ఒక్క డోసే, దారిలో ఇంకెన్ని అవసరమో ఎవరికీ తెలీదు. పిల్లని భుజాన వేసుకున్నాను. తడిసిన అసలు మందుల సంచి మా అత్తగారి చేతికిచ్చాను. ఆవిడ జిప్పు తీసి, రెండు సీసాలూ నాకు చూపించి, మూసి, మెట్లు దిగింది.