చివరి నుంచి మొదటి గరిటె

కరువు రెండో ఏడు కూడా పడ్డాక రాజుగారు ధాన్యపు కొట్లన్నీ తెరిపించారు. ఆ మాటలో ఆవగింజంత అబద్ధం లేదు. తన ఇంటికి దాచుకున్న గింజలు కూడా ఇచ్చేసి, కోట బయటి వీధిలో గంజి కాయించారు. పొద్దుట్నుంచీ పస్తుండి, తన చేత్తో వడ్డించాకే గొంతులో గుక్కెడు నీళ్లు పోసుకునేవారు. “కనకపోయినా ఈయనే మాకు కన్నతండ్రి” అని జనం చేతులెత్తి మొక్కేవారు.

అయితే మొదట్లోనే ఒక చిక్కొచ్చింది. కండ ఉన్నవాళ్లు తోసుకుని వరస ముందుకొచ్చేవారు, లేనివాళ్లు చివర మిగిలేవారు. అది చూసి రాజుగారు ఒక పద్ధతి పెట్టారు. “చివర ఉన్నవాడే అందరికంటే నీరసపడ్డవాడు. ఇకనుంచి వడ్డన చివరి నుంచి మొదలవ్వాలి. గుండిగ నా వెంట మోసుకు రండి. మొదటి గరిటె నేనే పోస్తాను. అంతవరకు ఎవరి చెయ్యీ పడకూడదు.”

ఆ మాటకి వీధి వీధంతా ఏడ్చింది. అంత మంచి మాట అంతకుముందు ఎవరూ వినలేదు మరి. ఆకలికి కాళ్లుంటాయనీ, ఆ కాళ్లు వెనక్కి కూడా నడుస్తాయనీ అప్పుడు ఎవరికీ తట్టలేదు. గంజి కాచే వంటవాడికీ తట్టలేదు.

ఆ వంటవాడికి ఒక అక్క ఉంది. అమ్మ పోయాక వాణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి. ఆమె ఊళ్లో బావి అడుగు కనబడిందని తెలిసి, వెళ్లి వీపు మీద మోసుకొచ్చాడు. ఎండుపుల్లల మోపంత బరువు కూడా లేదు.

“చిన్నప్పుడు నిన్ను మోసి మోసి నా నడుం వంగిందిరా,” అంది దారిలో. “ఇప్పుడు తెలిసొచ్చిందా?”

“నువ్వు తేలికే అక్కా. నేనే అప్పుడు తిండిపోతుని.”

వాళ్లు చేరేసరికి ఆ పూట గుండిగ ఖాళీ. వంటవాళ్ల వంతుకొచ్చే అడుగు మాడు గీకి ఆమె నోట్లో పెట్టాడు. మర్నాడు పొద్దున్నే పొయ్యి అంటించకముందు ఆమెను ఎత్తుకెళ్లి, వరస చివర, మూతపడ్డ బట్టల కొట్టు అరుగు పక్కన కూర్చోబెట్టాడు.

“ఇక్కణ్ణుంచి కదలకు. రాజుగారు మొదట నీ దగ్గరికే వస్తారు.”

“కదలడానికి కాళ్లేవిరా నాకు!” అని నవ్విందామె.

అతను పొయ్యి దగ్గరికొచ్చి తెడ్డు పట్టుకున్నాడు. గంజి ఉడుకు పట్టేసరికి వరస ముందువాళ్లలో కదలిక మొదలైంది. ఒకడు తుండుగుడ్డ దులుపుకుని లేచాడు.

“ఎక్కడికి బావా?”

“కాళ్లు తిమ్మిరెక్కాయి. అలా వెనక్కెళ్లొస్తా.”

“నాకూ ఎక్కాయి, ఉండు.”

“నువ్వెందుకయ్యా? పెద్దవాడివి, ముందుండు.”

“అబ్బే, మర్యాదలు మనలో మనకెందుకులే!”

విందుల్లో ముందు బంతికి తోసుకున్న జనం ఇప్పుడు వెనక చోటుకి తోసుకుంటున్నారు. ముందు ఖాళీ పడ్డప్పుడల్లా కావలివాడు “సందులొద్దు, జరగండి!” అని కేకేసేవాడు. లేవగలిగినవాళ్లు లేచి వెనక్కి పోయారు. లేవలేనివాళ్లు ముందుకు జరిగారు. అక్క పక్కనున్న ఆడవాళ్లు మంచివాళ్లు. “నిన్నొక్కదాన్నీ వదిలేస్తామా వదినా” అంటూ చెరో రెక్కా పట్టుకుని ఆమెనూ జరిపారు.

వంటవాడు తలెత్తి చూసేసరికి అక్క ఆకుపచ్చ చీర వీధి మధ్యకొచ్చేసింది. తెడ్డు వదిలితే గంజి అడుగంటుతుంది, అందరి నోరూ చేదవుతుంది.

“అన్నా,” అని కావలివాణ్ణి బతిమాలాడు, “ఆ పచ్చచీర మా అక్క. కాస్త వెనక్కి చేర్చవూ?”

“ఒక్కర్ని ముట్టుకున్నానంటే వందమంది ‘మా అమ్మనీ చేర్చు’ అంటారు తమ్ముడూ. ఈ కర్ర నా చేతిలోంచి పోయిందా, రేపు నేనూ ఈ వరసలోనే.”

ఎండ నడినెత్తికి వచ్చేసరికి అక్క వరస మొదటికొచ్చేసింది. పొయ్యికి అటు ఆమె, ఇటు అతను. మధ్యలో గంజి ఆవిరి.

“చివర కూర్చోబెట్టావు, నీ ఒళ్లోకే వచ్చి పడ్డాను చూడు,” అంది. కాసేపు ఆవిరిని పీల్చింది. “ఒక్క చుక్కరా తమ్ముడూ. నాలిక తడిస్తే చాలు.”

గరిటె అతని చేతిలోనే ఉంది. పోయిన వారం అతనితో పనిచేసినవాడొకడు రాజుగారు రాకముందే వాళ్లమ్మకి ఒక్క గరిటె పోశాడు. వరస వరసంతా ఒక్కసారిగా మీదపడింది. గుండిగ బోర్లాపడి మనుషులు కాలిపోయారు. మిగిలినవాళ్లు నేలమీది గంజి నాకారు. అతని పిక్క మీద ఆ బొబ్బ ఇంకా మానలేదు. వందల కళ్లు గరిటె మీదే ఉన్నాయి.

“వచ్చేస్తారక్కా, రాజుగారు వచ్చేస్తారు.”

రాజుగారు వచ్చారు. ఎండలో నడిచొచ్చిన మొహం నల్లబడింది. నేరుగా చివరికెళ్లారు. గుండిగకి బొంగు తగిలించి మోసుకుంటూ వంటవాళ్లు వెనకే నడిచారు. చివర నిలబడ్డది తుండుగుడ్డ దులుపుకున్న బావగారు. ఆయనకి గరిటె నిండా పడింది. తర్వాతివాడికీ పొంగిపొర్లేలా పడింది. వంటవాడు గుండిగలోకి చూశాడు, వరస పొడవు చూశాడు.

“ఏలినవారూ,” అన్నాడు మెల్లగా, “గరిటె కాస్త వెలితిగా పడితే ముందువాళ్ల దాకా వస్తుంది.”

రాజుగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. “ఇన్నాళ్లూ వెలితి కడుపుతో బతికారయ్యా. నేను కూడా వెలితిగానే పెట్టనా? మిగిలినవాళ్లుంటే రేపు మళ్లీ కాద్దాం.”

“ముందు మా అక్క ఉందండీ.”

రాజుగారు అతని భుజం మీద చెయ్యి వేశారు. “అందరూ మనవాళ్లేనయ్యా.”

ఆ చెయ్యి చాలా మెత్తగా ఉంది. వంటవాడు బొంగు మళ్లీ భుజానికెత్తుకున్నాడు.

అక్కకి ఇవతల ఒక ముసలాయన ఉన్నాడు. ఆయన దగ్గరికొచ్చేసరికి గరిటె అడుగుకి తగిలి గలగలమంది. అడుగు మాడుంది కదా, అక్కకి అదైనా దక్కుతుందని వంటవాడు లోలోపల ఆశ పెట్టుకున్నాడు. రాజుగారు మోకాళ్ల మీద కూర్చుని, గుండిగ వంచి, చేత్తో మాడంతా గీకి ముసలాయన దోసిట్లో పెట్టారు. రాజు మాడు గీకడం ఎవరైనా విన్నారా? జనం జేజేలు పలికారు.

అప్పుడు ఆయన అక్కను చూశారు. ఖాళీ గుండిగనీ చూశారు. భుజం మీది శాలువా తీసి ఆమెకు కప్పారు.

“అమ్మా, రేపటి మొదటి గరిటె నీదే. ఇది నా మాట.”

“చల్లగా ఉండు నాయనా,” అంది అక్క.

ఆ పూట ఆయన మంచినీళ్లు కూడా ముట్టకుండా వెళ్లిపోయారు.

“పాపం రా,” అంది అక్క, ఆయన వెళ్లినవైపే చూస్తూ. “మొహం ఎంత పీక్కుపోయిందో! ఏమైనా తిన్నాడో లేదో.”

రేపటి వరస అప్పుడే మొదలైపోయింది. వంటవాడు ఆమెను ఎత్తుకుని దాని చివరికి మోసుకెళ్లాడు. ఈసారి ఎండుపుల్లల మోపు కూడా కాదు, శాలువా ఒక్కటే మోస్తున్నట్టుంది. అరుగుకి ఆనించి కూర్చోబెట్టి, గుండిగ కడిగిన నీళ్లు గిన్నెలో తెద్దామని పరిగెత్తాడు.

తెల్లగా, కాస్త గంజి వాసన వేసే నీళ్లు. ఒలక్కుండా పట్టుకుని తిరిగొచ్చేసరికి అరుగు దగ్గర అక్క లేదు. ఆమె వెనక ఎప్పుడో చాలామంది చేరిపోయారు. ముందెక్కడో శాలువా కొంగు నేలమీద రాసుకుంటూ పోతోంది. ఎవరో ఇద్దరు ఆడవాళ్లు చెరో రెక్కా పట్టుకుని, జాగ్రత్తగా, ప్రేమగా ఆమెను జరుపుతున్నారు.

“రా వదినా, రా. సందు పడకూడదట.”

ఆమె తల పక్కకి వాలిపోయి ఉంది. వంటవాడు గిన్నె పట్టుకుని ఆ వరస పక్కనే నడిచాడు. పరిగెత్తితే నీళ్లు ఒలికిపోతాయి.