దవడ మీద రెండు అంకెలు

మే పదిహేడు, ఉదయం పదకొండు ఇరవై. సన్నాయి విద్వాంసుడు షేక్ దరియావలి ఎడమ దవడ మీద నన్ను రెండుసార్లు పెట్టారు. మొదటిసారి పదకొండు వచ్చింది. రెండోసారి పంతొమ్మిది. రిపోర్టులో రెండోది రాశారు.

నేను ఒక స్కానింగ్ ప్రోబ్‌ని. పిడికిట్లో పడతాను. కండలోకి ధ్వనిని పంపి, అది ఎంత బిగుసుకుందో అంకెలో చెబుతాను. తెర మీద మెత్తటి చోటు నీలం, బిగిసిన చోటు ఎరుపు. నన్ను పట్టుకోవడానికి నియమం ఒక్కటే: జెల్ మీద తేలించాలి, నొక్కకూడదు. నొక్కితే ఏ కండైనా గట్టిపడుతుంది. తెర కండను చూపిస్తుంది, నొక్కిన చేతిని చూపించదు.

ఫ్యాక్టరీలో జిగురు దిమ్మె మీద పరీక్షించి నన్ను పాస్ చేశారు. నాలుగేళ్ళు విజయవాడలో ఒక స్కానింగ్ సెంటర్లో మెడలు, రొమ్ములు చూశాను. నీలం వస్తే డాక్టర్లు మళ్ళీ ఒకసారి చూసేవారు. ఎరుపు వస్తే అక్కడితో ఆపేవారు. తర్వాత ఒక దంత వైద్య కళాశాల నన్ను సెకండ్‌హ్యాండ్‌లో కొంది. అక్కడ దవడ కీలు నొప్పితో వచ్చినవాళ్ళ బుగ్గల మీద పెట్టారు.

పీజీ విద్యార్థిని డాక్టర్ నీరజ థీసిస్‌కు ముప్పైమంది రోగులు కావాలి. అంకె పదమూడు దాటితేనే లెక్కలోకి వస్తారు. ఆ ఉదయానికి ఇరవై తొమ్మిదిమంది అయ్యారు. సాయంత్రం ప్రొఫెసర్‌కు పట్టిక చూపించాలి.

దరియావలికి యాభై నాలుగేళ్ళు. రామాలయం మేళంలో ముప్పై ఒక్క ఏళ్ళుగా సన్నాయి ఊదుతున్నాడు. ఆ ఏడు శ్రీరామనవమి కల్యాణంలో, సరిగ్గా మాంగల్యధారణ వేళ, ఆయన దవడ పట్టేసింది. సన్నాయి ఆగింది, డోలు ఒక్కటే మోగింది. గుడి ఈవో నోటీసు ఇచ్చాడు. ఊదగలడని మే ఇరవైలోగా డాక్టరు కాగితం తేవాలి, లేదా మేళం వదలాలి.

డోలు వాయించే బావమరిది మీరావలి వెంట వచ్చాడు.

"దవడను పోటో తీస్తే లోపల రాగాలు కనపడతయ్యా బావా?" అన్నాడు.

"కనపడితే నీకు తాళం తప్పిన చోట్లు కూడా కనపడతయ్ రా. నోరు మూసుకో."

నీరజ ఆయన్ని గోడవైపు తిప్పి పడుకోబెట్టింది.

"ఊదితే నొప్పి లేదమ్మా. ఆవలిస్తేనే టక్కుమంటది," అన్నాడు దరియావలి. "ఆ కాగితం ఒక్కటి ఇప్పించు తల్లీ."

"మాట్లాడకండి సాయిబు గారూ. దవడ వదులుగా పెట్టండి."

నీరజ చేయి తేలిగ్గా ఉంది. తెర నీలంగా ఉంది. పదకొండు.

పక్కన ఉన్న సహాధ్యాయి ఫణి తెర చూశాడు.

"దాటలేదా?"

"లేదు."

"కాస్త నొక్కి పట్టు నీరజా. మన సీనియర్లందరూ అట్లాగే దాటించారు."

"ఏం దాటాలమ్మా?" గోడవైపు నుంచే అడిగాడు దరియావలి.

"ఏం లేదు. కదలకండి."

నా అంచు ఆయన బుగ్గలోకి దిగింది. తెర ఎర్రబడింది. పంతొమ్మిది.

రిపోర్టులో ఇలా రాశారు: దవడ కండరం బిగుసుకుంది, ఆరు నెలలు ఊదరాదు. ఆ ఇంగ్లీషు కాగితాన్ని దరియావలి తెలుగులో చదివించుకున్నాడు.

"ఆరు నెలలు ఊదకపోతే మూతి పట్టు పోద్దమ్మా. అది పోతే మళ్ళీ రాదు."

"మెషీన్ చెప్పింది రాశాం. మాదేం లేదు," అంది నీరజ.

మే ఇరవైన ఆ కాగితమే ఈవోకు అందింది. జూన్ రెండున మేళంలోకి కొత్త సన్నాయి వచ్చింది.

నవంబరు పద్దెనిమిదిన దరియావలి మళ్ళీ పరీక్షకు వచ్చాడు. మీరావలి రాలేదు. ఆ రోజు మేళం ఉంది. నీరజ అప్పటికి పరీక్ష పాసై వెళ్ళిపోయింది. ఆమె తర్వాత చేరిన విద్యార్థి నన్ను జెల్ మీద తేలించాడు. ఎడమ పదకొండు, కుడి పదకొండు.

"మీకు జబ్బేం లేదండీ. ఊదుకోవచ్చు," అన్నాడు.

"ఎక్కడ ఊదమంటావు నాయనా?" అన్నాడు దరియావలి. కాగితం తీసుకున్నాడు.

జనవరిలో నా వైరు తెగింది. బాగుచేయించలేదు. ఇప్పుడు డిపార్ట్‌మెంట్ బీరువాలో కింది అరలో ఉన్నాను. నా పక్కన నీరజ థీసిస్ కాపీ ఉంది. నలభై ఒకటో పేజీలో పట్టిక చివరి వరుస: ముప్పై, పురుషుడు, యాభై నాలుగేళ్ళు, ఎడమ దవడ, పంతొమ్మిది.