పొరలో పారే పాలారు

మర్నాడు ఉదయం వేలూరు ఆసుపత్రిలో మా స్నేహితుడు ఉమాపతి కంట్లో పొర తీయాలి. అందుకని నేనూ వెంకటాద్రీ అతన్ని ముందురోజే గుడియాత్తం నుంచి తీసుకొచ్చి, సాయంత్రం పాలారు గట్టున మెల్లగా నడిపిస్తున్నాం. ఏట్లో చుక్క నీరు లేదు. వాలిన ఎండలో ఇసుకంతా మెరుస్తోంది.

"ఎన్ని నీళ్ళప్పా!" అని నిలబడిపోయాడు ఉమాపతి.

మరుక్షణం అతనికే అనుమానం వచ్చింది.

"ఇసుకేనా? అట్లయితే నాకా ఆపరేషన్ వద్దు. ఈ మసకలో ఏరన్నా పారతా ఉండాది."

"పిచ్చోడా, ఏరు యాడికీ పోలేదు. ఎండకు తాళలేక ఇసుక దుప్పటి కప్పుకోని పండుకోనుండాది. మా తాత దాని గురక విన్నాడు," అన్నాను.

"మొదలుపెట్టినాడు!" అని నవ్వాడు వెంకటాద్రి.

ఉమాపతిని నడిపించుకుంటూ ఏట్లోకి దిగి, మోచేతి లోతున చెలమ తోడాను. నీరు ఊరింది. అతని చెయ్యి పట్టి అందులో ముంచాను.

"సల్లగుండాది," అన్నాడు. "లోపల ఏముండాది?"

"బంగారు చేప. మీసాలు కూడా ఉండాయి."

"అబద్ధం!"

"అయితే కట్టు విప్పినాక వచ్చి చూసి, నన్ను తన్ను."

వెళ్ళేముందు అతను తడుముకుంటూ, గుర్తుకోసం చెలమ చుట్టూ రాళ్ళు పేర్చాడు.