మీట పైనే

మా ఆయన ఆ సిలిండరును మొదటిసారి వంటగది బల్ల మీద పెట్టినప్పుడు అత్తయ్య లేచి తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. నేను మాత్రం ఉన్నచోటే ఉండి నోరు చేసుకున్నాను. నా నోటికి తాళం లేదని ఈ ఇంట్లో అందరికీ తెలుసు.

"కూరలు తరిగే బల్ల మీద ఇదేంటండీ? పాతసామాన్ల కొట్టు పెడుతున్నారా?"

"నాన్నది," అన్నాడు. ఆ ఒక్క మాటతో ఆయన ఏ గొడవనైనా ముగించేస్తాడు.

మామగారు ఓడరేవులో నీళ్ళలోకి దిగి పనిచేసేవారు. ఓడల అడుగున పేరుకున్న నాచు గోకడం, తెగిన గొలుసులు వెతకడం, మునిగిన పడవల్లోంచి ఇత్తడీ రాగీ పైకి తేవడం ఆయన పని. వీపుకు కట్టుకునే ఇనుప సిలిండరు, మెడకు రెండు పక్కల నుంచి నోటిదాకా వచ్చే ముడతల రబ్బరు గొట్టాలు, గుండ్రటి అద్దమున్న ముసుగు ఆయన సరంజామా. మా ఆయన చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడే, ఆ సిలిండరు వీపున ఉండగానే మామగారు పోయారు. రేవుకు అవతల మునిగిన ఒక ఇనుప పడవ దగ్గరికి దిగి, ప్రాణాలతో పైకి రాలేదు. ఇత్తడి మీద ఆశకు పోయి, ఉన్న గాలంతా ఊడ్చిపెట్టేదాకా లోపలే కూర్చున్నాడని అందరూ అన్నారు. అత్తయ్య ఇన్నేళ్ళూ ఆ మాట మోసింది. నా పెళ్ళి కుదిరినప్పుడు కూడా ఎవరో మా అమ్మ చెవిన వేశారు, ఆ ఆశపోతు కొడుక్కా పిల్లనిచ్చేది అని.

వాళ్ళు అలా ఎందుకన్నారో తెలియాలంటే మీట సంగతి చెప్పాలి. ఇప్పటి సిలిండర్లకు గాలి ఎంతుందో చూపించే మీటరు ఉంటుంది. దీనికి లేదు. దీనికి పైన చిన్న మీట ఉంటుంది, ఆ మీట నుంచి ఒక సన్నటి కడ్డీ సిలిండరు పక్కగా నడుము దాకా దిగుతుంది, కడ్డీ చివర ఉంగరంలాంటి రింగు. మీట పైకి ఉన్నంతసేపూ కొంత గాలి లోపల దాగి ఉంటుంది. మిగతాది అయిపోయేసరికి పీల్చడం బరువవుతుంది. అప్పుడు చేయి వెనక్కి పెట్టి రింగు కిందికి లాగితే మీట పడి, దాచిన గాలి వదులుతుంది. ఆ గాలితో వెంటనే పైకి వచ్చేయాలి. మామగారిని పైకి తీసినప్పుడు మీట కిందికి ఉంది. అంటే దాచిన గాలి కూడా వాడుకుని ఇంకా లోపలే ఉన్నాడని లెక్క వేశారు.

"నాకు ఈత నేర్పేటప్పుడు నాన్న ఒకటే చెప్పేవాడు," అన్నాడు మా ఆయన, రబ్బరు గొట్టాలకు కొత్త బిగింపులు వేస్తూ. "ఊపిరి బరువైతే ఇంక ఏదీ ముట్టుకోకు, పైకి రా అని. అలాంటివాడు ఇత్తడి కోసం ఉండిపోతాడా? నేను అలాగే దిగి చూస్తాను. అక్కడే, ఆ సామానుతోనే."

"చూసి ఏం చేస్తారు? చచ్చినాయన లేచొచ్చి సాక్ష్యం చెప్తాడా?"

ఆయన నా మాట చెవిన వేసుకోలేదు. సిలిండరును పరీక్షకు పంపి, గట్టిగా ఉందనిపించుకుని, మీటకు నూనె పోసి వేలితో తోస్తే జారేలా చేశాడు. మంచి మునకగాడి మీట ఒక్క వేలికి జారాలని మామగారు గర్వంగా చెప్పుకునేవారట. బిగుసుకుపోతే లోపల లాగలేక చస్తారు కాబట్టి అది సబబే అనిపించింది నాకు.

ఆ సామాను చూసి మనుషులు చేసిన వింతలు ఇన్నీ అన్నీ కావు. గాలి నింపే దుకాణం అతను సిలిండరును నీళ్ళతొట్టిలో పెట్టి గొట్టం తగిలించి, తను మాత్రం గోడ అవతలికి వెళ్ళి నిలబడ్డాడు. "నాకు పిల్లలున్నారండీ," అన్నాడు అక్కడి నుంచే. పక్కింటాయన తన హాల్లో అలంకారానికి పెట్టుకుంటానని బేరానికొచ్చాడు. లోతులేని నీళ్ళలో మా ఆయన దిగి ప్రయత్నించినప్పుడల్లా గట్టు మీద జనం మూగేవాళ్ళు. నేను వెనక నిలబడి మీట తడిమి చూసి "పైనే" అనేదాన్ని, ఆయన దిగేవాడు. అలా ఎన్నోసార్లు దిగాడు, ఒక్కసారీ ఇబ్బంది రాలేదు.

అసలు చోటికి వెళ్ళాల్సిన రోజు వచ్చేసరికి అత్తయ్య గది బయటికి వచ్చింది.

"చిన్నోడు వస్తేనే వెళ్ళు. వాడు పక్కనుంటే నాకు భయం లేదు."

చిన్నోడంటే మామగారి తమ్ముడు. తల నెరిసిపోయినా అత్తయ్యకు చిన్నోడే, నాకు చిన్నమామయ్య. ఆ రోజుల్లో మామగారు నీళ్ళలో ఉంటే పడవ మీద కాపలా ఈయనే. అన్న పోయాక మళ్ళీ సముద్రం మొహం చూడలేదు. పెళ్ళి చేసుకోలేదు. మా ఆయనను చదివించాడు, సైకిలు నేర్పాడు, జ్వరమొస్తే పక్కన కూర్చున్నాడు. ప్రేమొస్తే ఆయనకు మాటలు రావు, చేయి వస్తుంది. భుజం మీద మొదలుపెట్టి నడుము దాకా జారేలా వీపు మీద ఒక్క చరుపు చరుస్తాడు. మా ఇంట్లో దాన్ని బాబాయి దీవెన అంటారు. నా పెళ్ళిరోజు ఆ దీవెనకు నా చేతిలో కాఫీ కప్పు ఎగిరి కొత్త చీర మీద పడింది.

"వస్తాను వదినా," అన్నాడు చిన్నమామయ్య. "వాళ్ళ నాన్నను పంపినవాణ్ణి నేనే, వీణ్ణీ నేనే పంపి నేనే తెస్తాను."

అసలు చోటికి మమ్మల్ని తీసుకెళ్ళే పడవలో మాతోపాటు కొత్తగా మునక నేర్చుకుంటున్న గుంపొకటి ఎక్కింది. అందరివీ రంగురంగుల సామాన్లు, మెరిసే మీటర్లు. మా ఆయన గోనెసంచి విప్పగానే నవ్వులు మొదలయ్యాయి. "మ్యూజియం వాళ్ళకు తెలుసా?" అన్నాడొకడు. ఒకమ్మాయికి మాత్రం ముచ్చటేసింది. పడవ ఊపుకు వాంతులై ఇక దిగనని కూర్చున్న పిల్ల అది. ఫోన్ తీసి వరసపెట్టి ఫోటోలు కొట్టడం మొదలుపెట్టింది.

వాళ్ళకు నేర్పే టీచరమ్మ నవ్వలేదు. సిలిండరు చుట్టూ ఒకసారి తిరిగింది.

"గాలి అయిపోతే ఎలా తెలుస్తుందండీ?"

"పీల్చడం బరువవుతుంది. మీట లాగుతాను."

"మీట ముందే పడిపోయి ఉంటే?"

"బరువు తెలియదు. తేలిగ్గానే పీలుస్తూ ఉంటాం. ఉన్నట్టుండి అయిపోతుంది," అన్నాడు మా ఆయన, ఎవరి సంగతో చెబుతున్నట్టు.

ఆమె తన దగ్గరున్న చిన్న సిలిండరు తీసి చూపించింది. "ఇది పక్కన తగిలించుకోండి. అవసరం పడకపోతే మంచిదే."

"వద్దండీ. మా నాన్న దగ్గర లేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "తగిలించుకుంటే మీ నాన్న కోప్పడతాడా?" అన్నాను అందరి ముందూ. ఆయన నవ్వేశాడు. టీచరమ్మ, "మా గుంపులో మాత్రం మిమ్మల్ని చేర్చుకోలేను, ఏమీ అనుకోకండి," అని తన గుంపును తీసుకుని పడవకు అవతలి పక్కన దిగిపోయింది.

సముద్రం కదలడం లేదు. ఆకాశమూ నీళ్ళూ ఒకే బూడిదరంగులో ఉన్నాయి. చిన్నమామయ్య పట్టీలు బిగించాడు. నిచ్చెన దగ్గర మా ఆయన వెనక్కి తిరిగి నిలబడ్డాడు. చిన్నమామయ్య మీటను తడిమి, పడవంతా వినపడేలా అరిచాడు.

"మీట పైనే!"

తరువాత ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. భుజం మీద నుంచి నడుము దాకా గట్టిగా ఒక చరుపు చరిచాడు. "వెళ్ళిరా నాయనా." మా ఆయన నీళ్ళలోకి దూకాడు. రెండు గొట్టాలూ, ఆ గుండ్రటి అద్దమూ ఒక్క క్షణం కనిపించి మాయమయ్యాయి.

బుడగలు తేలుతున్నాయి. నేను వాటినే చూస్తూ కూర్చున్నాను. చిన్నమామయ్య సుత్తి ఒళ్ళో పెట్టుకుని నిచ్చెన పక్కన చతికిలబడ్డాడు. ఇనుప నిచ్చెనను ఆగకుండా కొడితే ఉన్నపళంగా పైకి రమ్మని గుర్తు. అది కూడా మామగారి నాటిదే.

"ఆంటీ, అంకుల్ ఎంత బాగా పడ్డారో చూడండి," అంటూ ఆ పిల్ల నా పక్కకు జరిగింది. ఫోన్‌లో ఫోటోలు ఒక్కొక్కటీ తోస్తోంది. మర్యాదకు చూశాను. మొదటి దానిలో చిన్నమామయ్య నోరు తెరిచి ఉన్నాడు, చేతి కింద మీట నిటారుగా ఉంది. రెండో దానిలో చేయి భుజం మీద ఉంది. మూడో దానిలో చేయి నడుము దగ్గర ఉంది, ఆయన చిటికెన వేలు కడ్డీ రింగులో ఉంది. నాలుగో దానిలో మా ఆయన గాలిలో ఉన్నాడు. మీట కిందికి ఉంది.

లోపలున్న మనిషి ఊపిరి బరువెక్కడం కోసం చూస్తున్నాడు. అది బరువెక్కదు. ఆయన తీరిగ్గా ఆ ఇనుప పడవ చుట్టూ తిరుగుతూ ఉంటాడు.

"కొట్టండి మావయ్యా!" అని అరిచాను. "సుత్తి! కొట్టండి!"

"ఏమైందమ్మా?"

"అడగకండి, కొట్టండి!"

ఆయన కొట్టాడు. అదే చేత్తో, నిచ్చెన వంగిపోతుందేమో అన్నట్టు కొట్టాడు. నేను పడవ అంచు పట్టుకుని బుడగలను చూస్తున్నాను. బుడగలు అక్కడే ఉన్నాయి, మా వైపు రావడం లేదు. ఆయన వినిపించుకోవడం లేదనుకున్నాను, ఇంట్లో నా మాట వినిపించుకోనట్టే. కాసేపటికి అవి కదిలాయి. తరువాత ఆగిపోయాయి. నీళ్ళ మీద ఇక ఏమీ లేదు. ఆ ఇనుప చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. నేను ఆయనను తిట్టడం మొదలుపెట్టాను, నాకు తెలిసిన తిట్లన్నీ.

పడవకు కాస్త దూరంలో తల తేలింది. నోట్లోంచి గొట్టాల ముక్క ఊడిపోయి ఉంది. ముసుగు అద్దం లోపల ఎర్రగా ఉంది. ఆ చప్పుడు విని అప్పటికే పైకి తేలిన టీచరమ్మ ఈదుకుంటూ వెళ్ళి మెడ కింద చేయి వేసి లాక్కొచ్చింది. పడవ మీద పడుకోబెట్టి ఆక్సిజన్ పెట్టింది. దగ్గి దగ్గి, చివరికి కళ్ళు తెరిచాడు.

"మీరు కొట్టకపోతే ఇంకా కిందే ఉండేవాణ్ణి," అన్నాడు. "నువ్వే భయపడి పిలిపిస్తున్నావని చాలాసేపు విసుక్కున్నాను కూడా. సగం దారిలో గాలి ఆగిపోయింది. రింగు లాగాను. అది అప్పటికే కింద ఉంది." మళ్ళీ దగ్గాడు. "పైకొచ్చేకొద్దీ ఒకటి రెండు గుక్కలు దొరికాయి. అంతే."

నేను ఫోన్ ఆయన చేతిలో పెట్టాను. ఆయన మూడో ఫోటో దగ్గర ఆగిపోయాడు. ఆ చూపులో మొదట తన తండ్రి కనిపించాడని నాకు తెలిసింది, ఎందుకంటే పెదవులు "నాన్నా" అన్నట్టు కదిలాయి. తరువాత ఫోన్‌ను బోర్లా పెట్టేశాడు.

"బతికొచ్చావురా!" చిన్నమామయ్య ఏడుస్తూ, నవ్వుతూ, మోకాళ్ళ మీద దగ్గరికి వచ్చాడు. చేయి పైకెత్తాడు. సిలిండరు ఇంకా మా ఆయన వీపునే ఉంది. నాకు తెలియకుండానే ఆ మణికట్టు పట్టేసుకున్నాను.

"ఎందుకమ్మా?"

నా నోటికి తాళం లేదన్నానే, ఆ క్షణంలో పడింది. మా ఆయనే అన్నాడు, "ఏం లేదు బాబాయ్. దూకేటప్పుడు తాడు తగిలి మీట జారినట్టుంది."

చిన్నమామయ్య నేను పట్టుకున్న తన చేతిని చూశాడు. నడుము దగ్గర వేలాడుతున్న రింగును చూశాడు. రెండో చేత్తో ఫోన్ తీసుకున్నాడు. ఆయన చూస్తున్నంతసేపూ మేమెవ్వరం కదల్లేదు.

"ఆ రోజు కూడా నేనే చూశాను," అన్నాడు చివరికి. "మీట పైనే అన్నాను. ఒట్టురా. పైనే ఉంది."

"తెలుసు బాబాయ్."

"ఆ తర్వాత..." అన్నాడు, అంతటితో ఆగిపోయాడు. ఆ చేతిని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఒడ్డు వచ్చేదాకా బయటికి తీయలేదు. నాకు ఆయన మీద కోపం రావాలి. జాలి తప్ప ఏదీ రాలేదు, దానికి నా మీద నాకే చిరాకేసింది.

ఇంటికి వెళ్ళేదారిలో మా ఆయన చిన్నమామయ్య చెవి దగ్గరికి వంగి, "అమ్మకు చెప్పక్కర్లేదు బాబాయ్," అన్నాడు. నేను అత్తయ్యను తలుచుకున్నాను. ఆమె మోసిన మాట అబద్ధమని చెప్పాలంటే ఆమె నమ్మిన మనిషిని ఆమె నుంచి లాగేసుకోవాలి.

అత్తయ్య గుమ్మంలోనే నిలబడి ఉంది. కొడుకు మొహాన్ని రెండు చేతులతో తడిమింది, ముక్కు దగ్గర ఎండిన రక్తాన్ని కొంగుతో తుడిచింది. తరువాత చిన్నమామయ్య వైపు తిరిగి, ఆయన కుడిచేతిని అందుకుని తన రెండు చేతుల్లో పెట్టుకుంది.

"నువ్వున్నావనే ధైర్యంతోనే పంపాను చిన్నోడా. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే."

ఆయన ఆ చేతిని మెల్లగా విడిపించుకున్నాడు. కుర్చీ లాగి ఆమె వెనక పెట్టాడు.

"వదినా," అన్నాడు, "నువ్వు ముందు కూర్చో."