వెనకనుంచి చూస్తే

ఆదివారం తలకి పోసుకుంటే సోమవారం మధ్యాహ్నానికి గానీ ఆరని జుట్టు ఆమెది. రెండు తువ్వాళ్ళు తడిసి ముద్దయ్యేవి. స్నానాలగదిలో తూముకి అడ్డం పడ్డ వెంట్రుకల ఉండని వేలితో లాగి పారేయడం ఆ రోజుకి ఆఖరి పని. అత్తగారు తలుపు దగ్గర నిలబడి, "ఇంత రాలినా తల మీద చెక్కు చెదరదు, అదృష్టమంటే నీదేనే" అనేది. జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అంటారు మనవాళ్ళు. ఆ కొప్పు మోసే మెడ సంగతి మాత్రం ఏ సామెతా చెప్పదు.

ఆ ఆదివారం కూడా పెరటి గుమ్మంలో కూర్చుని, జుట్టంతా వీపు మీద పరుచుకుని, ఒళ్ళో చేట పెట్టుకుని బఠాణీలు ఒలుస్తోంది. వెనక అడుగుల చప్పుడైంది. భర్త. వచ్చి నిలబడి, తడి జుట్టు కొసని రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. "తలనొప్పి తగ్గిందా బంగారీ?" అన్నాడు. ఎంత మెత్తగా అన్నాడంటే, పదకొండేళ్ళ కాపురంలో ఆ గొంతు ఒకటుందని కూడా ఆమెకి తెలియదు. తలనొప్పి అని ఆమె గుడ్డ కట్టుకుని తిరిగిన రోజులు వందలున్నాయి, అడిగిన నోరు లేదు. గుండె ఝల్లుమని వెనక్కి తిరిగింది. అంతే, దీపం ఊదేసినట్టు అతని మొహం ఆరిపోయింది. "ఓ, నువ్వా" అని లోపలికి వెళ్ళిపోయాడు.

బంగారి ఆమె పేరు కాదు. ఆమె అక్కని అతను ముద్దుగా పిలుచుకున్న పేరు.

అక్క జ్వరం తగిలి ఎనిమిది రోజుల్లో పోయింది, మూడేళ్ళ పిల్లని వదిలి. నెల తిరక్కుండానే పెద్దవాళ్ళు కూర్చున్నారు. పరాయిది వస్తే పసిదాన్ని చూస్తుందా అని ఒకరు, పిన్నికంటే తల్లెవరు అని ఒకరు. ఆమెనెవరూ ఏమీ అడగలేదు. ఖాళీ గ్లాసులు తీసుకుని ఆమె లోపలికి వెళ్తుంటే అత్తగారు వీపు మీది జడ చూసి, "అయ్యో, వెనకనుంచి చూస్తే అదే మనిషే!" అని బావురుమంది. ఆ ఏడుపుతోనే పెళ్ళి ఖాయమైపోయింది.

ఇద్దరికీ తల్లి పోలికే, చేతి పిడికిట్లో పట్టని జుట్టు. మొహాలకి మాత్రం ఏ పోలికా లేదు. అందుకేనేమో ఆ ఇంట్లో ఆమె మొహంతో ఎవరికీ పెద్దగా పని పడేది కాదు. పొద్దున్నే అత్తగారు దువ్వెన పట్టుకుని కూర్చునేది. "దానికి ఎడమ పాపిడే నప్పేది" అంటూ తనే దువ్వి, తనే జడ వేసి, కాసేపు ఆ జడని ఒళ్ళో పెట్టుకునేది. పిల్ల రాత్రిళ్ళు జడ కొస గుప్పిట్లో పట్టుకుంటే గానీ పడుకునేది కాదు. నిద్రమత్తులో అమ్మా అని లేచేది, మొహం చూసి పిన్నీ అనేది. ఇక వీధిలో అందరి మొగుళ్ళూ ముందు నడుస్తారా, పెళ్ళాలు వెనక పరిగెడతారా, వీళ్ళది తిరగేసి. అతనెప్పుడూ రెండడుగులు వెనకే. చూసినవాళ్ళు ఎంత మర్యాదస్తుడో అనుకునేవారు. ఆ మర్యాద ఎవరికో ఆమె ఒక్కదానికే తెలుసు. తన వీపు మీద చచ్చిపోయిన మనిషి ఒకతె వేలాడుతోందనీ, ఆ మనిషి కాళ్ళు తన నడుం దాటి మోకాళ్ళదాకా వస్తున్నాయనీ అనిపించేది ఒక్కోసారి.

బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని ఆమెది. అక్కడ వెంట్రుక బయటికి కనిపించకూడదు. అందరికీ ఒక టోపీ అయితే ఆమెకి రెండు. "మీ అమ్మానాన్నా నీకు తల చేయించారా, గడ్డివామి చేయించారా?" అనేవాడు సూపర్‌వైజరు. అందరూ నవ్వేవారు, ఆమె కూడా నవ్వేది. నవ్వకపోతే పొగరంటారు కదా. రెండు టోపీల కింద తల ఉడికిపోయి మధ్యాహ్నానికల్లా కణతలు పోటెత్తేవి.

ఆరేళ్ళ కిందట ఒకసారి, బెత్తెడు తీయించుకుందామని ఫ్యాక్టరీ పక్కన సెలూన్‌కి వెళ్ళింది. అక్కడి పిల్ల తల తడిపి, నున్నగా దువ్వి, చివర తాడు కోసినట్టు ఒక్క తీరుగా కోసేసింది. తడి మీద బాగానే ఉంది. ఇంటికొచ్చేసరికి ఆరి, మూరెడు పైకి లేచి, అటూ ఇటూ గొడుగులా విచ్చుకుంది. అత్తగారు రెండు రోజులు అన్నం ముట్టలేదు. జుట్టు మళ్ళీ పెరిగేదాకా అతను గోడవైపు తిరిగి తిన్నాడు. ఆ భయం ఆమెకి ఇంకా పోలేదు.

అయినా సరే, "ఓ, నువ్వా" అన్న మాట రాత్రంతా చెవిలో జోరీగలా తిరిగింది. సోమవారం పని దిగి ఇంటివైపు కాకుండా ఇంకోవైపు నడిచింది. ఈసారి వేరే సెలూన్, మెట్లెక్కి పైకి వెళ్ళాలి. నడివయసు ఆవిడ ఒక్కతే నడుపుతుంది. ఆవిడ జడ విప్పి, రెండు చేతులతో జుట్టు ఎత్తి, బరువు చూసి, "అమ్మో, దీన్ని మోస్తూ ఎలా బతుకుతున్నావమ్మా?" అంది.

"తడపకండి" అంది ఆమె గబుక్కున.

"తడిపితే కదా! ఇలాంటి జుట్టు తడి మీద బుద్ధిగా పడుకుంటుంది. ఆరాక చూడు, పండక్కొచ్చిన అల్లుడిలా లేచి కూర్చుంటుంది. పొడి మీదే కొయ్యాలి, పాయ పాయకీ. కింద పొడుగొక్కటే తీస్తే లాభం లేదు, లోపల బరువు తియ్యాలి." పాయలన్నీ విడదీసి క్లిప్పులు పెట్టింది. నడినెత్తి మీద వేలు ఆగింది. "సుడి చూడు ఎక్కడుందో. జుట్టంతా కుడికి పడతాను మొర్రో అంటుంటే ఎడమ పాపిడి ఎవరు తీశారు?"

"మా అత్తగారు."

"ఇది ఆవిడ జుట్టా?"

దువ్వెనలా పళ్ళున్న కత్తెర చెవి పక్కన కిచకిచమంటోంది. కుడివైపు అయ్యేసరికి ఆవిడకి ఫోనొచ్చి పక్కకి వెళ్ళింది. అద్దంలో ఒక పక్క భుజం దాటని జుట్టుతో తను, ఇంకో పక్క నల్లగా ఒళ్ళోకి జారుతూ అక్క. అక్క ఇటే చూస్తోంది. చూపు తిప్పుకుందామంటే అద్దంలో తిప్పుకునే చోటు లేదు.

జ్వరం రావడానికి వారం ముందు అక్క పుట్టింటికొచ్చి వంటింట్లో ఆమె చెయ్యి పట్టుకుంది. "చెల్లీ, తోడు రావే. ఒక్కదాన్నీ వెళ్ళలేను. మెడ విరిగిపోతోంది, కోయించేసుకుంటాను" అంది. తను పకపకా నవ్వింది. "జడ తీసేస్తే బావ నిన్ను గుర్తుపడతాడా?" అంది. అక్క నవ్వలేదు. "అదే చూడాలనుందే" అంది. తను వెళ్ళలేదు. పదకొండేళ్ళుగా ఈ మాట ఎవరికీ చెప్పలేదు. ఆ జడకి దండం పెట్టే ఇంట్లో ఎవరికని చెబుతుంది?

"రెండో పక్క కానివ్వనా?" అంటూ ఆవిడ తిరిగొచ్చింది.

"కానివ్వండి" అంది ఆమె, అద్దంలోకి చూస్తూ.

అయిపోయాక మెడ వెనక గాలి తగిలింది. తల ఊపితే జుట్టంతా కలిసి కదిలి, మళ్ళీ తన చోటికి తనే వచ్చి పడింది. గొడుగూ లేదు, గడ్డివామీ లేదు. వీధి మూల మలుపు తిరిగేదాకా వెనక ఎవరో నడుస్తున్నట్టే ఉంది. రెండుసార్లు ఆగి చూసింది. ఎవరూ లేరు.

తలుపు తీసిన పిల్ల, ఇప్పుడు పద్నాలుగేళ్ళది, చెయ్యి చాచింది. జడ ఉండాల్సిన చోట గాలిని పట్టుకుంది. లోపలినుంచి అత్తగారు చూసి, "నా కోడల్ని మళ్ళీ చంపేశావు కదే!" అని గుండెలు బాదుకుంది. ఆ కేకకి అతను గదిలోంచి వచ్చాడు. "ఎవర్నడిగి కోయించావు?" అన్నాడు.

"అక్క కోయించుకుంటానంది బావా. నన్ను తోడు రమ్మంది. నేను నవ్వాను, వెళ్ళలేదు. మళ్ళీ వారానికి జ్వరం తగిలింది, పోయింది." ఆమె గడప దాటి లోపలికొచ్చింది. "ఆ జడ మోయలేక ఏడ్చింది అక్క. మీరంతా దాన్నే దాచుకున్నారు, నా తల మీద పెట్టి."

కుళాయి కట్టేసినట్టు అత్తగారి ఏడుపు ఆగిపోయింది. గోడ పట్టుకుని మెల్లిగా కింద కూర్చుంది.

"నన్నూ అడిగిందే" అంది చీర కొంగు నలుపుతూ. "పొయ్యి దగ్గర నిలబడి అడిగింది. తల పోటుకి కళ్ళు కనబడట్లేదు అత్తయ్యా అంది. నాతో ఏంటి, వాణ్ణడుగు అన్నాను. సరే, ఇవాళే అడుగుతానంది."

అతను ఎప్పుడడిగింది అనలేదు, ఏమడిగింది అనలేదు. నేలకేసి చూస్తున్నాడు.

"నాన్నా" అంది పిల్ల. "అమ్మ అడిగితే నువ్వేమన్నావు?"

పొయ్యి వెలిగించే వేళ దాటిపోతోంది. ఆమె కుర్చీ లాక్కుని అతనికి ఎదురుగా కూర్చుంది. జవాబు వచ్చేదాకా లేవదలుచుకోలేదు.