పురుగంటే భయపడే ఏఈవో

వినీతకు పురుగులంటే భయం. మామూలు భయం కాదు, మెడ మీద చీమ పాకినా ఇల్లు పీకి పందిరేసే భయం. బొద్దింక కనిపిస్తే మంచమెక్కుతుంది. గొంగళిపురుగు కనిపిస్తే ఆ వీధిలో వారం రోజులు నడవదు. అలాంటి పిల్ల పోయి పోయి చేరిందెక్కడ? వ్యవసాయ శాఖలో! పెద్దేముల్ మండలంలో నాలుగు ఊళ్లకు విస్తరణాధికారి, రైతుల నోట ఏఈవో మేడం. తెల్లారి లేస్తే పురుగుల ముచ్చట తప్ప మరోటి లేని ఉద్యోగం. దీన్నేమనాలో మీరే చెప్పండి.

వాళ్లది తాండూరు బజారులో కిరాణా కొట్టు. తల్లి అనసూయమ్మకు కందిపప్పులో ఒక్క పెంకుపురుగు కనబడితే చాలు, బస్తా మొత్తం మిద్దె మీద ఎండబోసి మూడుసార్లు చెరిగితే గాని నిద్రపట్టదు. ఆ చెరిగే పూట వినీత ఇంట్లో ఉండేది కాదు. "పప్పు పురుగు నిన్ను తింటదానే?" అని తల్లి ఎగతాళి చేసేది. ఇక వ్యవసాయ కాలేజీలోనా, పురుగుల్ని పట్టి, సూదులతో గుచ్చి, అట్టపెట్టెలో వరసగా పెట్టి చూపించాలి. ఆ పెట్టె స్నేహితురాలు నిఖిల చేసిపెట్టింది. అందుకు బదులుగా నిఖిల రికార్డులన్నీ వినీత రాసింది. చివరికి పురుగుల పరీక్షలో క్లాసు మొత్తానికి ఎక్కువ మార్కులు వచ్చింది వినీతకే. పుస్తకంలో పురుగు పాకదు కదా!

ఉద్యోగంలో చేరాక ఆమెను కాపాడింది వాట్సాప్. ఏ రైతు ఫోను చేసినా ఒకటే మాట, "ఫొటో పెట్టుండ్రి, చూసి చెప్త." ఫొటో వస్తుంది. తంటా అంతా అక్కడే. ఫొటోలో పురుగు కూడా పురుగే! అందుకని మన వినీత ఒక ఉపాయం కనిపెట్టింది. పురుగు మీద బొటనవేలు అడ్డం పెట్టి, చుట్టూ ఉన్న ఆకును మాత్రం చూసేది. ఆకుకు చిల్లులుంటే ఫలానా, ముడతలుంటే ఫలానా, జిగురుంటే ఫలానా. తెలివైన పిల్లే, ఆ మాట కాదనకూడదు. పదింట తొమ్మిదిసార్లు సరిగ్గానే చెప్పేది.

పదోసారి హన్మయ్య వంతు వచ్చింది.

హన్మయ్యకు అరవై దాటాయి. రెండెకరాల్లో నూనెగింజల కోసం కుసుమ వేశాడు. మేడాన్ని అడగందే పైరు మీద చెయ్యి వేయడు. అడిగాక మాత్రం ఎవరు ఆపినా ఆగడు. డిసెంబరు చివర్లో ఒక సాయంత్రం ఫొటో పెట్టి, గొంతు కూడా రికార్డు చేసి పంపాడు. "మేడం, మన కుసుమల గీ కొత్త పురుగేందో జర చూడుండ్రి. మందు కొట్టాల్నా?"

వినీత అలవాటు ప్రకారం బొటనవేలు పెట్టింది. చుట్టూ ఆకు జిడ్డుగా మెరుస్తోంది. కాడకు అక్కడక్కడా రసం పీల్చే నల్లటి పేనుబంక అంటుకుని ఉంది. ఇందులో చూడ్డానికేముంది? "కొట్టు కాకా" అని మందు పేరు రాసి పంపేసింది. నిశ్చింతగా అన్నం తిని పడుకుంది.

మర్నాడు పొద్దున తాండూరులో షేర్ ఆటో నిండే దాకా కూర్చుని ఉండగా హన్మయ్య నుంచి మళ్లీ గొంతు వచ్చింది. "మేడం, మందు తెచ్చిన. మీ మాట మా ఊరి గ్రూపుల గూడ పెట్టిన. కుసుమ ఉన్నోళ్లందరు గియ్యాల్నే కొడుతున్రు. పేనుబంక దానంతటదే తగ్గుతుంది గని, గీ మొసలి లెక్కున్న పురుగులే చెట్టుకు పదేసి అయినయ్. ఒక్కటి గూడ మిగలొద్దు మేడం."

పేనుబంక తగ్గుతోందా? దానంతటదే ఎందుకు తగ్గుతుంది? వినీత ఫొటో తెరిచింది. ఈసారి బొటనవేలు పెట్టలేదు.

నల్లటి ఒళ్లు, నారింజ రంగు మచ్చలు, ముందు పక్క ఆరు కాళ్లు, వెనక్కి పోను పోను సన్నబడిన తోక. చూడ్డానికి రాక్షసి. కానీ పుస్తకంలో ఆ బొమ్మ కింద ఏం రాసుందో వినీతకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. అక్షింతల పురుగు పిల్ల! ఎర్రగా, గుండ్రంగా, నల్లచుక్కలతో పిల్లలు అరచేతిలో పాకించుకుంటారే, ఆ పురుగును గుర్తుపట్టని రైతు ఉండడు. దాని పిల్లను మాత్రం గుర్తుపట్టే రైతు తక్కువ. తల్లి కంటే పిల్లకే ఆకలెక్కువ. పొద్దస్తమానం పేనుబంకను తింటూనే ఉంటుంది. పైరును కాపాడుతున్న దాన్ని చంపమని ఊరు ఊరంతటికీ ఆజ్ఞ వేసింది తను!

"థూ, నా బుద్ధి మండ!" అని పైకే అనేసింది. పక్కనున్నావిడ ఉలిక్కిపడి కాస్త దూరం జరిగింది.

హన్మయ్యకు ఫోను చేస్తే ఆయన భార్య భాగమ్మ ఎత్తింది. "ఫోను ఇంట్ల చార్జింగుకు పెట్టి పొయిండు మేడం. మందు కొట్టే పంపు ఎత్తుకపొయి జరసేపాయె."

"పెద్దమ్మా, జర ఉరికి పోయి ఆపు! మందు కొట్టొద్దని చెప్పు!"

"నా మోకాళ్లకు ఉరుకుడా? గా ముచ్చట తీరింది గద మేడం!" అని భాగమ్మ నవ్వింది.

ఆటో నిండలేదు, నిండేటట్టూ లేదు. "మిగిలిన సీట్లన్ని నావే, నడువన్నా!" అంది వినీత.

ఆమె చేరేసరికి మంచు ఇంకా పూర్తిగా విడలేదు. హన్మయ్య వీపున పంపు కట్టుకుని చేను మొదట్లో నిలబడ్డాడు. పక్క చేను జంగప్ప డ్రమ్ములో మందు కలుపుతున్నాడు. "ఆగు కాకా, ఆగు!" అని అరుస్తూ వినీత గట్టు దిగి అడ్డంపడి పరిగెత్తింది. కుసుమ ముళ్లకు చున్నీ చిక్కుకుంటే దాన్ని అక్కడే వదిలేసింది.

విషయం విని హన్మయ్య మొహం చిట్లించాడు. "రాత్రి మీరే కొట్టుమంటిరి, గిప్పుడు మీరే వద్దంటిరి. గిట్లైతె మేం పరేషాన్ కామా మేడం?"

"అది అక్షింతల పురుగు పిల్ల కాకా. మన దోస్తు. పేనుబంకను అదే తింటుంది."

జంగప్ప పకపకా నవ్వాడు. "అక్షింతల పురుగు ఎంత ముద్దుగుంటది! దాని కడుపున గీ మొసలి పుడ్తదా?"

హన్మయ్య నవ్వలేదు. "మేడం, రాత్రి ఫొటో చూసే చెప్పిండ్రు గద?"

అడగకూడని ప్రశ్నే అడిగాడు. వినీత ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు, ఫొటో మసకగా ఉందనొచ్చు. కానీ చెట్టుకు పదేసి చొప్పున ఆ ప్రాణులు కళ్లెదుటే ఉన్నాయి, ఆ పంపు నిండా మందుంది. అబద్ధానికి నోరు రాలేదు.

"చూడలేదు కాకా. పురుగు మీద వేలు పెట్టి ఆకొక్కటే చూసిన. నాకు... నాకు పురుగులంటే మస్తు భయం."

జంగప్ప నవ్వాపుకోలేక గట్టు మీద కూలబడ్డాడు. "పురుగులంటె భయపడే ఏఈవోనా! వారెవ్వా!"

హన్మయ్య మాత్రం పంపు గొట్టం సరిచేసుకున్నాడు. "మరి గిప్పుడు చెప్పేది గూడ చూడకుంటనే చెప్తున్నరేమో, నాకేమెరుక? రెండెకరాలు మేడం. పోయినేడు శనగల పురుగు పడితె ఒకాయన ఫికర్ చెయ్యకన్నడు. నమ్మి ఊకున్న. గింజ గూడ చేతికి రాలె." అని పంపు పిడి రెండుసార్లు కొట్టాడు. గొట్టం చివర మందు బుస్సుమంది.

"ఆగు! నీకు చూపిస్త!"

అంటే అనేసింది గాని, వినీత పై ప్రాణాలు పైనే పోయాయి. ఎదురుగా ఆకు మీద ఒకటుంది, వేలి గోరంత. ఫొటోలో ఉన్నంత పెద్దది కాదు, కానీ ఫొటో లాగా కదలకుండానూ లేదు. వినీత వేలు చాపింది. వెనక్కి లాక్కుంది. పళ్లు బిగించి మళ్లీ చాపింది. ఆ రాక్షసి పిల్ల ఆమె గోరును కాసేపు వాసన చూసినట్టు తడిమి, ఒక్కో కాలే పెట్టి వేలెక్కి, అరచేతిలోకి నడుచుకుంటూ వచ్చింది.

ఆరు కాళ్లనూ వినీత విడివిడిగా లెక్కపెట్టగలదు. కేక గొంతు దాకా వచ్చి ఆగింది. రెండో చేత్తో పేనుబంక పట్టిన కాడ ముక్క ఒకటి తుంచి అరచేతిలో పెట్టింది. కళ్లల్లోంచి నీళ్లు బొటబొటా కారుతున్నాయి, నోరు మాత్రం పరీక్ష రాస్తున్నట్టే ఆగకుండా చెబుతోంది. "ఇది తిని తిని వారంలో ఆకుకు అతుక్కుపోతది కాకా. తర్వాత నాలుగైదు రోజులకు అందులకెళ్లే ఎర్ర పురుగు బయటికొస్తది. నువ్వు మందు కొడితే ముందు చచ్చేది ఇవే. తర్వాత పేనుబంక మళ్ల పుట్టినప్పుడు తినేటోళ్లు ఎవరుంటరు కాకా?"

పురుగు కాడ దాకా పోయింది. ఒక పేనును పట్టుకుని నమిలేసింది. హన్మయ్య కళ్లద్దాలు సరిచేసుకుని వంగాడు. "ఒకటి" అన్నాడు. "రెండు." జంగప్ప నవ్వాపి లేచి వచ్చాడు. మూడు. నాలుగు. ఆకలిగొన్న పెళ్లివారి లాగా తింటోంది. ఐదు దాకా లెక్కపెట్టిన హన్మయ్య తలెత్తి వినీత మొహం వైపు చూశాడు. ఆమె మోకాళ్లు వణుకుతున్నాయి, చెయ్యి వణుకుతోంది, చేతితో పాటు కాడ వణుకుతోంది. ఆ తర్వాత ఆయన పురుగును లెక్కపెట్టలేదు. వీపు మీది పంపు విప్పి గట్టు మీద దించాడు.

"ఏమాయె? ఐదు పేండ్లు తింటె నమ్మినవా?" అన్నాడు జంగప్ప.

"పురుగును చూసి కాదురా. పిల్లను చూసి నమ్మిన. ఎట్ల వణుకుతుందో చూడు. గింత భయాన్ని చేతుల పట్టుకొని ఎవరన్న అబద్ధం చెప్తరా?"

జంగప్ప కలిపిన మందు డ్రమ్ము మీద మూత పెట్టాడు.

వినీతకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "కాకా, ఇగ తీసెయ్యి కాకా. నీకు దండం పెడ్త" అంది.

హన్మయ్యకు అది వినబడలేదు. చేతులు నోటికి అడ్డం పెట్టుకుని అటు చేలకేసి, ఇటు చేలకేసి గొంతు చించుకుంటున్నాడు. "ఓ అన్నలారా! మందు కొట్టకుండ్రి! ఎక్కడి పంపులు అక్కడ్నే దించి గిట్ల రాండ్రి! మేడం పురుగును చేతుల పట్టుకుంది, వచ్చి చూడుండ్రి!" మంచులోంచి ఒక్కొక్క తలా లేస్తోంది. పంపులు దించిన చప్పుడు వినిపిస్తోంది.

"కాకా..."

"జరంత ఓర్చుకో బిడ్డా" అన్నాడు హన్మయ్య, వణుకుతున్న ఆమె చేతి కింద తన మొరటు చెయ్యి ఆసరాగా పెట్టి. "గా పదిమంది వచ్చి చూసెదాంక. నువ్వు కింద పెట్టినవంటె వాళ్లు నా మాట నమ్మరు."

వినీత కళ్లు మూసుకోలేదు. గట్ల మీదుగా మనుషులు పరుగు నడకన వస్తుంటే, ఆమె అరచేతిలో ఆ పిల్ల ఎనిమిదో పేనును పట్టుకుంది.